ఆకులు కత్తిరించాక పువ్వెక్కడిది?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఎంవీపీ కాలనీ, మూడో అంతస్తు ఫ్లాటు, తూర్పు వైపు బాల్కనీ. రెండేళ్ల కిందట డిసెంబరులో ఆన్‌లైన్‌లో మూడు అమరిల్లిస్ దుంపలు కొన్నాను. ఫిబ్రవరికల్లా ఒక్కోదానికి రెండేసి కాడలు లేచి అరచేతంత ఎర్ర పూలు పూశాయి. మళ్లీ ఇంతవరకు పూత లేదు. ఆకులు మాత్రం పొడుగ్గా పెరిగి గ్రిల్ బయటికి వేలాడతాయి. మా అత్తగారికి అది చిరాకు. అందుకని కత్తెరతో మెడదాకా కత్తిరించేస్తాం, మొన్న జూన్‌లో కూడా కత్తిరించాం. ఈ వానలకి ఒక దుంప కుళ్లిపోయింది. ఇంకోదాని ఆకుల మీద నల్ల పురుగులు కనిపిస్తున్నాయి. దుంపల్ని తీసి ఫ్రిజ్‌లో పెట్టమని యూట్యూబ్‌లో చెబుతున్నారు. విజయనగరంలో మా అమ్మ ఇంట్లో నూతి దగ్గర ఇవే పూలు ఏ సేవా లేకుండా ఏటా పూస్తాయి. నేనేం తప్పు చేస్తున్నాను? మిగిలిన రెండింటినీ ఉంచమంటారా, పారేయమంటారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పారేయకండమ్మా. తప్పేమిటో మీ ఉత్తరంలో మీరే రాశారు. కత్తెర.

మొదటి ఏడాది మీరు చూసిన పూలు మీరు పూయించినవి కావు. కోపం తెచ్చుకోకండి, నా మొదటి పూలూ అంతే. ఎవరో రైతు ఆ దుంపని ఏళ్ల తరబడి పొలంలో మేపి, లోపల మొగ్గ కట్టాక పెకలించి, ఆరబెట్టి, అట్టపెట్టెలో పెట్టి అమ్ముతాడు. పెద్ద పూల రకాలకి ఈ వ్యాపారంలో పెద్ద పేరు హాలెండుది. మొగ్గ అప్పటికే లోపల ఉంది గనక, మీరు నీళ్లు పోయగానే బయటికొచ్చింది. అద్దెకి దిగిన ఇంట్లో ముందువాళ్లు వదిలేసిన నిండు గ్యాస్ బండ లాంటిదది. అయిపోయేదాకా వంట బాగానే సాగుతుంది. రెండో బండ మనమే తెచ్చుకోవాలి. ఇక్కడ ఆ బండ నింపేవి ఆకులు.

నాకీ సంగతి కళ్లతో చూస్తేగానీ ఎక్కలేదు. చాలా ఏళ్ల కిందట పెదవాల్తేరులో మా మేడ మీద ఒక దుంప సగం కుళ్లింది. పారేసేముందు ఏముందో చూద్దామని కూరల కత్తితో నిలువుగా రెండు చెక్కలు చేశాను. అచ్చం ఉల్లిపాయలాగే పొరలు. ఆ పొరలు మరేమిటో కాదు, ఆకుల మొదళ్లు. ఆకు ఎండి రాలిపోయినా దాని అడుగు భాగం తిండి దాచుకుని ఉబ్బి, పొరగా ఉండిపోతుంది. లెక్కపెట్టుకుంటూ పోతే నాలుగు పొరలకొకచోట, సందులో ఒదిగి, పలచగా ఒక మొగ్గ కనిపించింది. నడిమధ్యకి దగ్గరగా బియ్యపు గింజంత ఒకటి, దానికి బయటివైపున చిటికెన వేలి గోరంత ఇంకొకటి. గోరంత దాన్ని సూదిమొనతో విప్పితే లోపల నాలుగు బుల్లి మొగ్గలు, తెల్లగా, తడిగా. వచ్చే ఏడు పూయాల్సిన గుత్తి అప్పటికే చేతులు కట్టుకుని కూర్చుంది.

దాని లెక్క అంతే. నాలుగు ఆకులకి ఒక పూకాడ. మొగ్గ లోపల పుట్టింది మొదలు బయటికి లేచేదాకా ఇంచుమించు ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో ఆకులు లేక తిండి చాలకపోతే అది లోపలే ఎండి, గోధుమరంగు కాగితం ముక్కలా మిగిలిపోతుంది. మీరు జూన్‌లో ఆకులు కత్తిరించినప్పుడు వచ్చే ఏడాది పూత నోటి దగ్గర కూడు లాగేశారన్నమాట. మా వీధిలో మొక్కలు చూసే ముసలి తోటమాలి ఒకాయన ఉండేవాడు. నేనూ ఓసారి కత్తెర పట్టుకుంటే ఆయనన్న మాట ఇది: “ఆకు దాని పొయ్యి తల్లీ. పొయ్యి ఆర్పీసి కూడేదంతే ఎక్కడినుంచి ఒస్తాది?”

ఆ మాట ఎంత నిజమో హుద్‌హుద్ తుపాను చూపించింది. 2014 అక్టోబరు 12న ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గాలి తగ్గాక చూస్తే ఊరంతా మంట పెట్టినట్టు మాడిపోయి ఉంది. మా మేడ మీద కుండీలు పగిలి, అమరిల్లిస్ దుంపలు మూలమూలలకీ దొర్లిపోయాయి. ఒక్కదానికి పచ్చ ఆకు లేదు. ఏరుకొచ్చి, తుడిచి, నీడన ఆరబెట్టి, చలికాలం చివర మళ్లీ నాటాను. అన్నీ బతికాయి. కానీ మరుసటి ఏప్రిల్‌లో ఒక్క కాడ లేదు, ఆకులే. ఆ ఆకుల్ని ముట్టుకోకుండా వదిలేస్తే ఆ పై ఏడాది తొమ్మిదింటిలో ఏడు పూశాయి. గాలి చేసిన పనే మీ ఇంట్లో కత్తెర చేసింది. మీ దుంపలు చావలేదు, చిక్కిపోయాయి.

ఎంత చిక్కాయో కొలవొచ్చు. మట్టి కాస్త పక్కకి తీసి, దుంప లావుగా ఉన్నచోట దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టండి. ఈ దుంపల్ని బజారులో అమ్మేది కూడా ఈ చుట్టుకొలతతోనే. 26, 28 సెంటీమీటర్లున్నది మంచి సరుకు, 34 దాటినదాన్ని రెండు మూడు కాడలు వేస్తుందని ఎక్కువ ధరకి అమ్ముతారు. మీవి 24 పైన ఉంటే వచ్చే వేసవికి ఆశ ఉంది. 20 కంటే తక్కువైతే వచ్చే వేసవిని వదులుకోండి, ఆ పై ఏడాది చూసుకుందాం. రెండుసార్లు ఆకులు పోయినవి గనక రెండోదే జరగొచ్చని నా అనుమానం. మీకు తీపి మాట చెప్పి ఫిబ్రవరిలో తిట్టించుకోవడం నాకిష్టం లేదు.

ఇక ఈ వేళే చేయాల్సిన పని, పురుగు. నల్లటి ఒళ్లు, మీద తెల్ల చుక్కలు, అక్కడక్కడ ఎర్ర మచ్చలు ఉంటే అది లిల్లీ గొంగళి. చూడ్డానికి నగలా ఉంటుంది, తినడంలో రాక్షసి. దాని రెక్కల పురుగు ఆకు మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. పిల్లలు మొదట ఆకు పొరల మధ్య దూరి పచ్చదనం తింటాయి, ఆకు మీద తెల్లటి పొడల్లా కనిపిస్తుంది. పెద్దవయ్యాక రెండు మూడు రాత్రుల్లో మొక్కని మోడు చేసి, మెడలోంచి దుంపలోకి దిగుతాయి. దిగాక మందు అందదు. చీకటి పడ్డాక సెల్‌ఫోను లైటు వేసి ఆకుల కింద, మెడ దగ్గర చూడండి. చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయడాన్ని మించిన మందు లేదు. రెండు కుండీలకి స్ప్రేయరు కొనేలోపు ఏరడం అయిపోతుంది. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, ఎండ తగ్గాక ఆకు రెండు వైపులా కొట్టండి. వారం వారం, వానలు వెనక్కి తగ్గేదాకా. సగం తిన్న ఆకుని కూడా కోయకండి. మిగిలిన సగం పనిచేస్తుంది.

ఒకవేళ పురుగు లేకుండా ఆకుల మీద ఎర్రటి చారలు, గాయాల్లాంటి మచ్చలు కనిపిస్తే అది బూజు తెగులు. ఆ ఆకుని మాత్రం తీసేయొచ్చు, కత్తెర పట్టడానికి నేనిచ్చే అనుమతి అక్కడికే. నీళ్లు ఆకుల మీద కాక మట్టి మీద పోయండి. మచ్చలు పెరుగుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి కొట్టండి.

కుళ్లిన దుంప సంగతి. అడుగున వేళ్లు పుట్టే గట్టి బిళ్ల ఉంటుంది చూడండి, అది మెత్తబడితే ఇక లాభం లేదు. బిళ్ల గట్టిగా ఉండి పైపొరలే మెత్తబడితే, తెల్లటి గట్టి పొర వచ్చేదాకా ఒలిచి, కోసినచోట బూడిదో పసుపో రాసి, వారం రోజులు గాలి తగిలే నీడలో ఆరబెట్టి నాటితే చాలావరకు బతుకుతుంది. కుళ్లడానికి కారణం వాన ఒక్కటే కాదు. దుంపని మెడదాకా పూడ్చి ఉంటారు, అందరూ చేసే పనే. పైనుంచి మూడో వంతు, సగం దాకా కూడా, మట్టి బయట కనబడాలి. సిగ్గుపడక్కర్లేదు, అది అలాగే కూర్చుంటుంది.

మట్టి ఇలా కలపండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన గెత్తం, కుండీకి గుప్పెడు వేపపిండి. ఇసుక అన్నానని సాయంత్రం షికారుకెళ్లి బీచ్ నుంచి సంచిలో పట్టుకురాకండి. ఉప్పు పోయేదాకా కడగడం మీ వల్ల కాదు, వేళ్లు మాడతాయి. ఏటి ఇసుక కావాలి, ఏదైనా ఇల్లు కడుతున్నచోట అడిగితే డబ్బాడు ఇస్తారు. ఎర్రమట్టి కూడా భీమిలి ఎర్రమట్టి దిబ్బలదని చెప్పి అమ్మేవాళ్లుంటే కొనకండి. ఆ దిబ్బలు వేల ఏళ్ల నాటివి, మన కుండీల కోసం తవ్వడానికి కాదు. కుండీ పెద్దదైతే మంచిదనుకోవద్దు. దుంప చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఖాళీ చాలు, అంటే ఆరేడు అంగుళాల మట్టి కుండీ. పెద్ద కుండీలో మట్టి ఆరదు, ఆరని మట్టిలో దుంప ఊరుకోదు. అడుగున చిల్లు తప్పనిసరి. నర్సరీవాళ్లిచ్చే ప్లాస్టిక్ కుండీలకి కొన్నిటికి చిల్లు గుర్తు మాత్రమే ఉంటుంది, చిల్లు ఉండదు. ఓసారి తిరగేసి చూడండి.

మీ బాల్కనీ తూర్పు ముఖం అన్నారు, బంగారం లాంటిది. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు పడితే చాలు. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలికి ఆకుల కొసలు మాడుతుంటే వారానికోసారి మంచినీళ్లతో ఆకులు కడగండి, ఎండొచ్చేసరికి ఆరిపోయేలా పొద్దున్నే. మీ అపార్టుమెంటులో బోరు నీళ్లు గనక ఉప్పగా ఉండి కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, నెలకోసారి వాననీళ్లో మున్సిపల్ కుళాయి నీళ్లో అడుగు నుంచి కారిపోయేలా దండిగా పోయండి.

ఈ నెల, వచ్చే నెల ఆకులకి తిండి పెట్టండి. 19-19-19 అని ఎరువుల కొట్లో దొరుకుతుంది, లీటరుకి 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి, తడి మట్టిలోనే. అరటితొక్కల నీళ్లు, బియ్యం కడుగు, ఉల్లితొక్కల కషాయం అని ఎవరెన్ని చెప్పినా బాల్కనీ కుండీలో పోయకండి. వాసన, చిన్న దోమలు, చీమలు. తొక్కలు కంపోస్టులో వేయండి, అక్కడ పనికొస్తాయి.

అక్టోబరు వచ్చేసరికి మన ఊళ్లో వాయుగుండాల కాలం. కుండీల్ని గ్రిల్ దగ్గర్నుంచి లోపలి గోడవైపు జరపండి, నీళ్లు తగ్గిస్తూ రండి. నవంబరు నడుమ నుంచి పూర్తిగా ఆపేయండి. ఎనిమిది నుంచి పది వారాలు చుక్క నీరు లేకుండా, వాన పడనిచోట, కుండీలోనే ఉండనివ్వండి. ఆకులు పసుపెక్కి వాటంతటవే వాలిపోతాయి. ఎండిన ఆకుని చేత్తో లాగితే ఊడొస్తుంది. రానిది ఇంకా పనిలో ఉందన్నమాట, వదిలేయండి. ఒకటి రెండు పచ్చగానే మిగిలినా కంగారు లేదు.

మరి ఫ్రిజ్? చల్లటి దేశాల్లో ఈ దుంపల్ని సుమారు 13 డిగ్రీల దగ్గర కొన్ని వారాలు ఉంచి, అన్నీ ఒకేసారి పూసేలా చేస్తారు. వాళ్లకి క్రిస్మస్ నాటికి సరుకు కావాలి. మనకా తొందర లేదు. మనం మామూలుగా అమరిల్లిస్ అని పిలిచే ఈ కుండీ మొక్కకి శాస్త్రంలో పేరు హిప్పియాస్ట్రమ్, పుట్టిల్లు దక్షిణ అమెరికా. అసలు అమరిల్లిస్ వేరే ఉంది, అది దక్షిణాఫ్రికాది. పేర్ల తగాదా 1987 దాకా నడిచింది గానీ బజారు మాత్రం పాత పేరు వదల్లేదు. మన మొక్క పుట్టింట్లో చాలా చోట్ల చూసేది వాన కాలం, పొడి కాలం. కాబట్టి దీనికి కావాల్సిన విశ్రాంతి పొడిది, లంబసింగి చలి అక్కర్లేదు. వంటింటి ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది, అది దీనికి మరీ ఎక్కువ చలి. పక్కనే యాపిల్సో అరటిపళ్లో ఉంటే పళ్లు మగ్గేటప్పుడు వదిలే గాలికి లోపలి మొగ్గ చెడుతుంది. వీటన్నిటికంటే నాకు భయం ఇంకొకటి. కూరల అరలో అది ముమ్మూర్తులా ఉల్లిపాయ. మీరు ఇంట్లో లేని రోజు ఎవరో పులుసులో తరిగేస్తే ఇంటిల్లిపాదికీ వాంతులే. దుంపలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంటుంది. చిన్నపిల్లలు, కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో కుండీ నేలమీద పెట్టకండి, దుంప కోసిన చేతులు కడుక్కోండి.

జనవరి చివర దుంపని కదపకుండా పైమట్టి రెండంగుళాలు తీసి కొత్త గెత్తం, మట్టి వేసి, ఒక్కసారి నిండా నీళ్లు పోయండి. ఆ తర్వాత మొలక కనబడేదాకా మట్టి ఆరితేనే కొంచెం. ఇక్కడే ఎక్కువమంది దుంపని ముంచేస్తారు. ఆకు లేని మొక్క నీళ్లు తాగదు. మూడు నాలుగు వారాలకి మెడలోంచి పచ్చటి కొస తొంగిచూస్తుంది. చదునుగా, సన్నగా, నాలికలా ఉంటే ఆకు. లావుగా, కొన దగ్గర చిలక ముక్కులా మూసుకుని, మెడకి ఒక పక్కనుంచి వస్తుంటే మొగ్గ. మొగ్గయితే కుండీని రెండు రోజులకోసారి పావువంతు తిప్పండి, లేకపోతే కాడ వెలుగువైపు వాలి విరుగుతుంది. రెడ్ లయన్ లాంటి పెద్ద పూల రకాలకి పుల్ల ఊతం కావాలి. ఆకులు ముందొస్తే ఈ ఏడు సెలవు అనుకోండి, నీళ్లు ఎరువు మామూలే.

మీ అమ్మగారి నూతి దగ్గరివి మీవి కావమ్మా, చుట్టాలు. నారింజ కలిసిన ఎరుపు, గొంతులో ఆకుపచ్చ-తెలుపు నక్షత్రం, కాడకి రెండు నుంచి నాలుగు పూలు, అవునా? అయితే అది తోటల్లో తరాలుగా ఉన్న ఎర్ర లిల్లీ. ఎండలకి మాడి, తొలకరి ముందు జల్లుకి లేచి, సింహాద్రి అప్పన్న చందనోత్సవం అటూ ఇటుగా పూసేస్తుంది. నూతి గట్టు నుంచి పారే నీళ్లు, నేలలో కావాల్సినంత చోటు. ముఖ్యంగా, మీ అమ్మగారు ఆకులు కత్తిరించి ఉండరు. సేవ లేకపోవడమే అక్కడ సేవ. ఈసారి వెళ్లినప్పుడు నాలుగు పిలకలు తెచ్చుకోండి. నిమ్మకాయంత పిలక పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కోడిగుడ్డుకంటే పెద్దవి అడిగి తీసుకోండి. కుళ్లిపోయిన దుంప కుండీలో పాత మట్టి పారబోసి, కుండీ కడిగి ఎండలో పెట్టి, అవి నాటండి. కొన్న రకాలు అలిగిన ఏడాది కూడా ఇవి పూస్తాయి. నన్నడిగితే విశాఖ బాల్కనీకి వీటిని మించింది లేదు. అరచేతంత ఉండవు, అంతే.

అత్తగారి చిరాకు గురించి. ఆవిడదీ న్యాయమే, మే నెల నుంచి అక్టోబరు దాకా ఈ మొక్క అందంగా ఉండదు. కుండీని బాల్కనీలో ఆవిడ కూర్చునే కుర్చీకి ఎదురుగా కాక, మేడ మీద పొద్దుటి ఎండ తగిలేచోట పెట్టుకోండి, మీ అసోసియేషన్ ఒప్పుకుంటే. లేదా గ్రిల్‌కి మెత్తటి గుడ్డపేలికతో ఆకుల్ని వదులుగా దగ్గరకి కట్టండి, వేలాడవు. మొగ్గ విచ్చుకునే వారం మాత్రం హాల్లోకి తెచ్చి ఆవిడ ముందే పెట్టండి. ఇంట్లో నీడన, ఫ్యాన్ గాలికి దూరంగా ఉంటే పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది. పూలు వాడాక వాడిన పూలని మాత్రం, వాటి వెనక ఉబ్బే గింజల కాయతో సహా తుంచండి. పచ్చటి కాడని అలాగే ఉంచండి, అదీ ఆకులాగే ఎండ తిని దుంపకి పంపుతుంది. పసుపెక్కి మెత్తబడ్డాక దుంపకి రెండంగుళాల పైన కోయండి. ఆ ఒక్క కోతా అత్తగారి చేత చేయించండి, కత్తెర ఆవిడకే ఇచ్చి.